మామగారి చెవులు

కూతురి పెళ్ళి దగ్గరపడుతోంది. భార్య బజారుకు వెళ్ళిన పూట చూసుకుని, తన చేటచెవులను సరిచేయించుకుని రావాలని సొంగ్‌పిల్ ఆ ఉదయం నిశ్చయించుకున్నాడు. కొరియాలోని దేగు నగరంలో బస్సు నడుపుతూ ఇన్నేళ్ళూ టోపీ నొక్కిపెట్టి ఎలాగో నెట్టుకొచ్చాడు. కాని పెళ్ళిమందిరంలో అంత వెలుగులో, అందరూ చూస్తుండగా కూతురి చెయ్యి పట్టుకుని నడవాలి. అక్కడ టోపీ కుదరదు.

ఆపరేషన్ ఇట్టే అయిపోయింది. తలచుట్టూ గుమ్మడికాయంత కట్టు కడతారని మాత్రం డాక్టరు ముందుగా చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి భార్య మిరాన్ గుమ్మంలోనే ఉంది.

"అయ్యయ్యో! తలకేమైందండీ?"

"స్నానశాలలో... జారిపడ్డాను."

మిరాన్ చేతిలోని క్యాబేజీలు అక్కడే పడేసి, వీధి చివర ఊరివాళ్ళంతా డబ్బిచ్చి స్నానం చేసే స్నానశాల మీదికి దండెత్తింది.

"మా ఆయన తల పగలగొట్టి, తీరిగ్గా తువ్వాళ్ళు మడతపెట్టుకుంటున్నావా?"

యజమాని బాంగ్ హడలిపోయాడు. వేన్నీళ్ళ తొట్టిలోని ముసలాళ్ళను సబ్బునురగతోనే బయటికి పంపి, తలుపుకు తాళం వేసి, జావగిన్నెతో వచ్చి సొంగ్‌పిల్ ముందు మోకరిల్లాడు.

"అన్నా, నేలంతా తవ్వించి కొత్త రాళ్ళు వేయిస్తా. పోలీసుల దాకా మాత్రం పోవద్దు!"

"నీ నేల తప్పేం లేదు తమ్ముడూ. నా కాళ్ళదే."

"ఈయన మంచితనం అందరికీ అలుసైపోయింది!" అంది మిరాన్. అప్పటికే కూతురికి ఫోన్ చేసి, స్నానశాల సంగతంతా చెప్పి, పెళ్ళికొడుకును వెంటబెట్టుకుని రమ్మంది.

కూతురు సేబొమ్ పరుగున వచ్చింది. వెనకాలే కాబోయే అల్లుడు తేగ్యు, మండుటెండలో ఉన్ని టోపీతో.

"ఇంట్లో కూడా టోపీ ఏమిటి బాబూ?"

మామగారి కట్టు చూడగానే తేగ్యుకు ప్రాణం లేచొచ్చింది. "నేనూ స్నానశాలలోనే పడ్డాను, అత్తయ్యా."

"రెండోవాడా!" బాంగ్ నేలమీద చతికిలబడ్డాడు. "అయిపోయాను. ఇక అమ్ముకుని పోవడమే!"

పాత స్నేహితుడు అలా ఏడుస్తుంటే సొంగ్‌పిల్ తట్టుకోలేకపోయాడు.

"లే తమ్ముడూ. నేను జారనూ లేదు, పడనూ లేదు. చెవులు కుట్టించుకున్నాను."

"ఈ వయసులో పోగులేమిటండీ!" అంది మిరాన్.

"పోగులు కాదే! వెనక్కి కుట్టించుకున్నా. పెళ్ళిలో మీవాళ్ళు నవ్వకుండా."

సేబొమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ చెవులు పట్టుకునేగా నాన్నా, నీ భుజాల మీద ఊరంతా తిరిగాను!"

అప్పుడు తేగ్యు మెల్లగా టోపీ తీశాడు. రెండు చెవులూ గిన్నెకు పిడుల్లా నిలబడి ఉన్నాయి.

"మా నాన్న చెవులు, మా నాన్న చెవులు అని మీ అమ్మాయి ఒకటే మురిసిపోతుంది మామయ్యా. నావేమో తలకు అతుక్కుపోయినవి. అందుకే... పోయినవారం బయటికి లాగించుకున్నాను."

బాంగ్ లేచి, మోకాళ్ళు దులుపుకుని, తెచ్చిన జావ తనే తాగేశాడు.

పెళ్ళికి వచ్చిన చుట్టాలంతా పెళ్ళికొడుకును చూసి "అచ్చం మామగారి పోలికే!" అని ముచ్చటపడ్డారు. మామగారిని మాత్రం ఎవరూ గుర్తుపట్టలేదు.