మూడో చక్రానికి నిమ్మకాయ

టైరు పగిలితే మనిషి కింద పడొచ్చు. కానీ మన వ్యవస్థ అతన్ని పడి ఉండనివ్వదు. లేపి, వరసలో నిలబెడుతుంది.

ఈ మహత్కార్యం కోసమే రెండువేల పదహారులో విజయనగరంలో 'లోపభూయిష్ట టైర్ల బాధితుల ఉచిత న్యాయసహాయ కేంద్రం' వెలిసింది. మూడో అంతస్తులో. (లిఫ్టు లేదు. మెట్లెక్కగలిగినవాడి గాయం మీద అనుమానం. ఎక్కలేనివాడికి గైర్హాజరు.)

లక్ష్ముడు పెళ్ళాం గున్నమ్మ భుజం పట్టుకుని ఎక్కాడు. సముద్రపొడ్డు నుంచి నెల్లిమర్లకి చేపలు తోలే కొత్త ఆటో అతనిది. కొన్న నెలలోపే ముందు టైరు పగిలి బోల్తా కొట్టింది. కుడికాలు నుజ్జయింది. ఆరోగ్య కార్డు మీద ఉచితంగా జరిగే ఆపరేషన్ జరిగిపోయింది, చీము మిగిలింది. ఇంకో ఆపరేషన్ వెంటనే చేయిస్తే కాలుంటుంది. దానికి టైర్ల కంపెనీ పరిహారం ఇవ్వాలి.

కేంద్రం అధికారి నారాయణమూర్తి విచారణ మొదలుపెట్టారు. ఉచిత న్యాయవాది కూడా హాజరయ్యాడు. (ఆయన నోరు తెరవడానికి పైనుంచి అనుమతి రావాలి.)

కంపెనీ వకీలు ఉమాశంకర్ లేచాడు. "ఆటోకి పూజ చేయించారా?"

"సేయించకుండా రోడ్డెక్కిత్తామేటి బాబూ?" అంది గున్నమ్మ.

"చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారా?"

"ఎనకాల రెండిటికీ ఎట్టినాం."

"ముందు చక్రానికి?"

గున్నమ్మ మొగుడి వైపు తిరిగింది. "సెప్పు మావా, ఇప్పుడు సిగ్గేటి?"

"ఎండ మండిపోతన్నాది బాబూ," అన్నాడు లక్ష్ముడు. "పంతులుగారు దాహమన్నారు. మూడోది నీళ్ళలో పిండి ఆయనకే ఇచ్చీసినాం."

ఉమాశంకర్ కూర్చున్నాడు. ఇక లేవాల్సిన అవసరం రాలేదు.

"టైరుకు చెందాల్సిన రక్షణను పూజారికి మళ్ళించారు," అన్నారు నారాయణమూర్తి.

"అయితే ఎనకాల టైరు పగిలుంటే డబ్బులిచ్చీవోరా?" అంది గున్నమ్మ.

"ఇవ్వరు. నిమ్మరసం రబ్బరుకు హాని." (పక్షపాతం లేదు. మూడు చక్రాలకూ సమన్యాయం.)

"మరి ఏ టైరు మీద ఫిర్యాదు సెయ్యాలి బాబూ?"

"పగలని టైరు తీసుకొస్తే పరిశీలిస్తాం."

గున్నమ్మ బల్ల పట్టుకుంది. "ఈ వారం దాటితే కాలు తీసెయ్యాలన్నారు డాట్రుగారు. మీ కాలైతే ఇలాగే సూత్తారా?"

నారాయణమూర్తి మనసు కరిగింది. ఫైలు మీద 'అత్యవసరం' అని రాశారు. (మామూలు ఫైలు ఒక్క బల్ల మీదే ఆగుతుంది. అత్యవసరం ఫైలును అన్ని బల్లలూ చూడాలి.) పంతులుగారి వాంగ్మూలం లేకుండా ఫైలు కదలదన్నారు. ఆయన పెళ్ళిళ్ళకని పాతపట్నం వెళ్ళి ఉన్నారు. ముహూర్తాలు ముగించుకుని వచ్చి, నీళ్ళలో పంచదార చాలలేదని ప్రమాణపూర్వకంగా చెప్పారు.

తీర్పు రోజున లక్ష్ముడు కర్రల మీద వచ్చాడు. నారాయణమూర్తి స్వయంగా కుర్చీ వేయించి, గొంతు సవరించుకుని చదివారు:

"ఫిర్యాదులో పేర్కొన్న గాయపడిన కాలు ప్రస్తుతం ఫిర్యాదుదారు వద్ద లేదు. మిగిలిన కాలికి గాయమేమీ లేదు. కనుక కేసు మూసివేయడమైనది."