ముందుగా బయలుదేరిన సంచీ

ఆ గురువారం పొద్దున ఆరింటికే భూదేవి తలస్నానం చేసి, పచ్చ రెక్సిను సంచీకి కుంకుమ బొట్టు పెట్టింది. పెళ్లయిన కొత్తలో దుర్గయ్య "నిన్ను విమానం ఎక్కిస్త" అని మాటిచ్చాడు. ఆ మాట నెరవేరడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది. నీళ్ల నల్లాల ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాక, ఎట్టకేలకు ఇద్దరికీ సింగపూర్ టికెట్లు కొన్నాడు. బేగంపేటలో సాయంత్రం ఐదింటికి విమానం, మద్రాసు మీదుగా పోవాలి.

చిక్కల్లా ఒక్కటే. అశోక్‌నగర్‌లో ఇల్లు కదలవలసిన వేళకు రాహుకాలం. నారాయణగూడ పంతులుగారు దానికి విరుగుడు చెప్పనే చెప్పారు. ఏడింటికి మంచి ఘడియలో ప్రస్థానం పెట్టాలి. అంటే ప్రయాణపు సంచీని వేరేవాళ్లింట్లో ఉంచితే మనం బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. ఒకసారి గడప దాటిన సంచీ మాత్రం వెనక్కి రాకూడదు.

"రెండు పాత చీరెలు పెట్టి పంపు, సరిపోతది," అన్నాడు దుర్గయ్య.

"సింగపూర్ పోయేది పాత చీరెలా, మనమా? దేవునికే టోపీ పెడ్తవా?" అంటూ భూదేవి పాస్‌పోర్టులూ టికెట్లూ అందులోనే సర్దింది.

దుర్గయ్య గొణుక్కుంటూనే దాన్ని చిక్కడపల్లిలో, ఆమె స్నేహితురాలు జయశ్రీ ఇంట్లో పెట్టి వచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి పెట్టెలతో సహా ఆటోలో జయశ్రీ ఇంటి ముందు దిగితే, తలుపుకు తాళం. పక్కింటి ఎల్లవ్వ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది.

"జయశ్రీ వాళ్లత్త కాలు జారి పడ్డది బిడ్డా, దవాఖానకు తీస్కపోయింది. ఖాళీ ఇంట్ల మీ సంచీ ఎట్ల ఉంచాలె అని, తమ్ముడు భానుప్రకాశ్ కిచ్చి విద్యానగర్ పంపింది."

"మా ఇంటికే పంపొచ్చు గదా!"

"ఎట్ల పంపుతది? ప్రస్థానం ఎనుకకు రావొద్దంట గదా. ముందుకు పోతే ఏం గాదని పంపింది."

"ఎంత తెలివిగల్ల పిల్ల!" అని భూదేవి మెచ్చుకుంది. దుర్గయ్య పళ్లు కొరికాడు.

విద్యానగర్‌లో భానుప్రకాశ్ భార్య స్వరూప తలుపు తీసింది. "అయ్యో అన్నా, ఆయన మీ ఇంటికే పోయిండు! తినేటివేమన్న ఉంటే చీమలు పడ్తయని సంచీ తెరిసి చూసిండు. పాస్‌పోర్టులు కనబడ్డయి. మర్చిపోయి పెట్టిన్రనుకొని, పరేషాన్ అయ్యి స్కూటర్ మీద ఉరికిండు."

భూదేవి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎనుకకు తీస్కపోయిండా! ఇంక మనం పోయినట్లే!"

"దొర్కినయని సంబురపడవేందే?" అని దుర్గయ్య ఆటో వెనక్కి తిప్పించాడు.

"సార్, మీరు ఇంతకు ఊరు దాటుతరా, లేదా?" అడిగాడు ఆటో అతను.

అశోక్‌నగర్ చేరేసరికి మూడు ముప్పావు. ఇంటి ముందు స్కూటరూ లేదు, సంచీ లేదు. ఎదురుగా ఇస్త్రీ బండి ఓదెలు కేక వేశాడు.

"గాయన వచ్చి పోయిండన్నా! తాళం చూసి, మీరు విమానం కాడికి పోయిన్రని అటే ఉరికిండు. సంచీ అయితే మీ గడప తొక్కలే అక్కా!"

"చూసినవా?" భూదేవి ముఖం వెలిగిపోయింది. "గడప తొక్కలేదంట!"

"విమానం గూడ మన కోసం గట్లనే ఆగితే మంచిగుండు," అన్నాడు దుర్గయ్య.

దారిలో రెండు చోట్ల ట్రాఫిక్, ఒక చోట ఆటోలో పెట్రోలు అయిపోవడం. బేగంపేటలో దిగేసరికి ఐదుంబావు. భానుప్రకాశ్ సంచీని పసిపిల్లలా గుండెకు హత్తుకుని బయటే నిలబడి ఉన్నాడు.

"ఏడికి పోయిన్రన్నా? గంట సంది ఈడనే ఉన్న. ప్రయాణం రోజు గింత తిరుగుడేంది?"

అతని మాట పూర్తి కాకముందే విమానం వాళ్ల నెత్తి మీదుగా వెళ్లిపోయింది. అది చుక్కంత అయ్యేదాకా చూసి, భూదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ దుర్గయ్య మింగేశాడు.

"ఏడ్వకే. ఇయ్యాల కాకుంటే ఇంకో దినం," అంటూ కౌంటరు దగ్గరికి నడిచాడు. బతిమాలగా బతిమాలగా ఆదివారానికి సీట్లు మార్చారు.

ఆదివారం ఇల్లు కదిలే వేళకు వర్జ్యం ఉందని, పంతులుగారు మళ్లీ ప్రస్థానానికి ఏడింటి ఘడియే చెప్పారు. "ఈసారి సంచీ బీరువాల పెట్టి తాళం ఏస్త వదినా," అంది జయశ్రీ సిగ్గుపడుతూ. భూదేవి సంచీ ఇవ్వలేదు. దాన్ని ఇంట్లోనే ఉంచుకుని, టిఫిన్ డబ్బాతో సహా దుర్గయ్యను తీసుకొచ్చి జయశ్రీ వరండాలో కూర్చోబెట్టింది. తాను రెండింటికి వచ్చేదాకా ఆయన్ని ఎవరి చేతికీ ఇచ్చి ముందుకు పంపవద్దని మరీ మరీ చెప్పి వెళ్లింది.