మహాదంతోత్పాటనము

వినుడు, వినుడు, నోటినిండ గట్టి పళ్లున్న భాగ్యవంతులారా! ప్రచండ మార్తాండుడు రేకుల కప్పులను పెనములవలె కాల్చుచుండగా, బట్టల కార్ఖానా వెనుక బస్తీలోని పాఠశాల ప్రాంగణమున, “మీ పిల్లల పళ్లు మీ చేతుల్లోనే” అను భయంకర పతాకము రెపరెపలాడుచుండగా, సకల బాల దంత సంరక్షణ అవగాహనా మహోత్సవము ప్రారంభమయ్యెను. ఏడాదికొక్కమారు దర్శనమిచ్చు దంతవైద్య వ్యాను గేటు ప్రక్కన వచ్చి నిలిచెను. సభ ముగియగానే అది వెళ్లిపోవును.

ఆ వ్యాను కొరకు కళ్లు కాయలు కాచునట్లు ఎదురుచూచిన వీరమాత ఒకతె కలదు. కార్ఖానాలో చొక్కాలకు కాలర్లు కుట్టునది, సూపర్‌వైజరుచేత నానా మాటలు పడి ఆ పూటకు సెలవు సంపాదించినది. ఆమె వేలు పట్టుకొని, ఎడమ బుగ్గ వాచి, తోటి పిల్లలచే ‘బుంగమూతి’ యను బిరుదము పొందిన కూతురు నడచుచుండెను. ఆ బుగ్గలో కొలువైన దంతాసురుడు, అనగా పుచ్చిన దవడపన్ను, ఆ పసిదాని తిండిని, నిద్రను, చివరకు ఎక్కాలను కూడ నమిలి మింగివేసెను. ఊరి ఆసుపత్రికి రెండు బస్సులు మారి పోయినచో, “డాక్టరుగారు ఇవాళ రారు” అను మాట మాత్రము ఉచితముగా లభించును.

ఇక మహోత్సవ వైభవమా! వేదిక కలదు, మైకు కలదు, పూలదండలు కలవు. పళ్ల ఆరోగ్యమునకై వచ్చిన పిల్లలకు స్వాగత పురస్కారముగా చాక్లెట్లు కూడ కలవు. వేదికపై మనిషిని మించిన ఎత్తున తెల్లని పన్ను వేషమొకటి చేతులూపుచు నిలిచి యుండెను. ఆ పన్నుకు నోరు, ఆ నోటిలో మరల పళ్లు! లేనివాడు వైద్యుడొక్కడే.

“సార్, డాక్టరుగారెక్కడండీ?” అని తల్లి అడిగెను.

“అదుగో, ఆ పన్నులో ఉన్నారు,” అనెను అవగాహనా సంఘ కార్యదర్శి.

వేషము కట్టవలసినవాడు రాలేదు. అద్దెకు తెచ్చిన వేషమును ఊరక ఉంచుటకు కార్యదర్శికి మనసొప్పదయ్యెను. ప్రాంగణమున పని లేనట్లు కనబడినవాడు వైద్యుడొక్కడే గనుక ఆయనను అందులోనికి దింపి, వెనుక జిప్పు బిగించిరి.

“పిల్ల అన్నం తిని ఎన్నాళ్లయిందో సార్. ఆ ఒక్క పన్నూ పీకేసి వేషం మళ్లీ వేసుకోమనండి.”

“ముఖ్య అతిథి వచ్చి ఫోటో దిగేదాకా కుదరదమ్మా,” అని, చేతికి మైకు తగిలినంతనే కార్యదర్శి ఆవేశపూరితుడై గర్జించెను: “ఓ మాతృమూర్తీ! నీవు కోరునది చికిత్స, మేము పంచునది అవగాహన! చికిత్స చేసినచో మేలు ఒక్కరికే. అవగాహన కలిగించినచో, చికిత్స లేదన్న సత్యము సమస్త జనులకును తెలియును!”

చప్పట్లు మిన్నుముట్టెను.

“మాకు అవగాహన ఉంది సార్. పన్ను నొప్పెడితే డాక్టరు దగ్గరికెళ్లాలని మా పిల్లకీ తెలుసు. అందుకే వచ్చాం,” అనెను తల్లి.

అంతలో మహాదంత గర్భమునుండి దీనస్వరమొకటి వినవచ్చెను: “అమ్మా, నన్ను ముందు వ్యాను దగ్గరికి తీసుకెళ్లండి. లోపల ఉడికిపోతున్నా.”

ఇక చూడవలె ఆ సమరము! కొంగు నడుమున దోపి, వేదిక నెక్కి, కాలర్లు కుట్టి కాయలు కాచిన కరములతో ఆ వీరమాత మహాదంతమును చేపట్టి మెట్లు దింపెను, బుంగమూతి వెనుకనుండి నెట్టెను, “అద్దె వేషం! చిరిగితే పూచీ ఎవరిది?” అని కార్యదర్శి వెంటపడెను. వ్యాను తలుపులో మహాదంతము అడ్డముగా ఇరుకుకొనెను, జిప్పు మొరాయించెను. అప్పుడు సైతము వృత్తిధర్మము విడువక లోపలి వైద్యుడు పలికెను: “బలంగా లాగకండి. అటూ ఇటూ ఊపండి... వదులైందా? ఆ, ఇప్పుడు లాగండి!”

ఫెళ్లున జిప్పు తెగెను. చెమటతో తడిసి ముద్దయిన వైద్యుడు వ్యానులోపల పడెను, వేషము బయట పడెను. బుంగమూతి బుగ్గ పట్టుకొనియే పకపక నవ్వెను. ఆ నవ్వు విని ఎన్నాళ్లైనదో, తల్లి కళ్లు తుడుచుకొనెను.

చేతులు కడుగుకొని, తొడుగులు వేసికొని, సూది చేతబట్టిన వైద్యుని ఆ పిల్ల అడిగెను: “నాది చిన్న పన్నేగా, తొందరగా వచ్చేస్తుందా అంకుల్?”

“చిటికెలో. అది తలుపులో ఇరుక్కోదులే.”

ఇరుకుకొనలేదు, చిటికెలో ఊడివచ్చెను. “పాలపన్నేనమ్మా, కింద కొత్తది వస్తుంది. దాన్నైనా కాపాడుకుందాం,” అని వైద్యుడు వాపునకు మందులిచ్చెను.

అది చూచి పిల్లలందరు బుగ్గలు పట్టుకొని వ్యాను ముందు బారులు తీరిరి. రెండవ బుగ్గ వ్యానెక్కకమునుపే ముఖ్య అతిథి వచ్చెను, చూడగా కుర్చీలు ఖాళీ. గత్యంతరము లేక కార్యదర్శియే, తెగిన జిప్పునకు పిన్నీసులు గుచ్చుకొని, పన్నులో దూరి ఫోటో దిగెను. ఫోటో దిగగానే సభ ముగిసెను, డ్రైవరు హారను మ్రోగించెను. వైద్యుడు ఎంత బతిమాలినను వ్యాను ఆగలేదు. వరుసలోని బుగ్గలన్నియు వాచినవి వాచినట్లే వచ్చే ఏటికి వాయిదా పడినవి.

జయము, జయము! దిక్కులు పిక్కటిల్లునట్లు చాటుడు: ఇందరు పెద్దలు, ఇన్ని దండలు, ఇంత అవగాహన ఏకమై పోరాడి, ఒక పాలపన్నును నేలకూల్చినవి! ఆ సమయమున బుంగమూతి, ఇన్నాళ్లు దిండుకైనను ఆనించని ఎడమ బుగ్గను తల్లి భుజమున ఆనించి, దారి పొడవునా నిద్రపోవుచుండెను.