మలుపులో పూలకుండీలు

ఆ పురపాలక సంఘానికి ఉన్నది ఒక్కడే ఇంజనీరు. కుళాయిలు, కాలువలు, వీధి దీపాలు, రోడ్లు అన్నీ అతని నెత్తినే. బడి దగ్గరి మలుపులో బళ్లు రివ్వున తిరుగుతూ ఎవరో ఒకరిని పడేస్తుంటే, ఏం చేయాలో పాలుపోక, చిన్న ఊళ్లకు ఉచితంగా సలహా ఇచ్చే రహదారి భద్రతా కేంద్రానికి మొరపెట్టుకున్నాడు. ఇన్నాళ్లకు వాళ్లు కరుణించారు. ఆ ఉదయం ఒక నిపుణురాలు వస్తోంది. అతను అనుకున్నది ఒకటే: ఆవిడకు మలుపును ఉన్నదున్నట్టు చూపించి, దారి చెప్పమని చేతులు జోడించాలి.

ఇంకా కాఫీ తాగుతుండగానే సంఘం అధ్యక్షురాలు ఫోన్ చేసింది. అతను తన ఉద్దేశం చెప్పాడో లేదో అందుకుంది.

"ఉన్నదున్నట్టేంటయ్యా! చుట్టమొస్తే అంట్లగిన్నెలు ముందు పెడతామా? ఆఫీసులో పూలకుండీలున్నాయిగా, తీసుకెళ్లి మలుపులో పెట్టించు."

"మేడమ్, ఆవిడ చూడాల్సిందే ఆ అంట్లగిన్నెల్నండీ..."

అవతల ఫోన్ ఎప్పుడో పెట్టేశారు. ఇంజనీరు నిట్టూర్చి, ట్రాక్టర్ డ్రైవర్‌ను పిలిచి, "ఆ సిమెంటు కుండీలన్నీ మలుపులో రోడ్డు మీద వరసగా పెట్టెయ్" అని పురమాయించాడు.

డ్రైవర్ మాట జవదాటే మనిషి కాడు. రోడ్డు మీద పెట్టమన్నారు, రోడ్డు మీదే పెట్టాడు. నడిమధ్య ఒక వరస, అటూ ఇటూ అంచులనుంచి లోపలికి చెరో వరస.

ఇంజనీరు వెళ్లేసరికి కుండీల మధ్య ఒక బస్సు ఇరుక్కుని ఉంది. దాని వెనక లారీ, లారీ వెనక అధ్యక్షురాలి కారు. హారన్లకు చెవులు చిల్లులు పడుతున్నాయి.

"ఎవరి తెలివితేటలివి?" బస్సు డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు. చుట్టూ చేరినవాళ్లందరి వేళ్లూ ట్రాక్టర్ వైపు తిరిగాయి.

"రోడ్డు మీదంటే రోడ్డు పక్కనయ్యా!" తల పట్టుకున్నాడు ఇంజనీరు.

"మరి రోడ్డు పక్కన పెట్టమంటే ఎక్కడ పెట్టాలి సార్?" అన్నాడు ట్రాక్టర్ డ్రైవర్.

ఇంజనీరు ఒక కుండీని కౌగిలించుకుని లాగాడు. తడి మట్టితో నిండిన ఆ కుండీ ఇసుమంత కూడా కదల్లేదు. మంగలి కొట్టు ముందు భుజాన సంచీతో ఒకావిడ నిలబడి ఇదంతా చూస్తోంది.

"చూస్తూ నిలబడే బదులు ఓ చెయ్యి వేయొచ్చుగా అమ్మా!"

ఆవిడ సంచీ కింద పెట్టి రెండో వైపు పట్టుకుంది. కుండీ లేచినట్టే లేచి, ఒరిగి, గంపెడు బురదను ఆవిడ బట్టల మీద కుమ్మరించింది.

"పర్లేదు లెండి. ఇంతకీ ఎందుకు తీసేస్తున్నారు?"

"ఎవరో నిపుణురాలు వస్తున్నారమ్మా. ఇది చూశారంటే మా పరువు కాస్తా పోతుంది."

"చూసేశానండీ," అంది ఆవిడ.

ఇంజనీరు కుండీ వదిలేసి, గబగబా ఆవిడ సంచీ దులిపి అందించాడు.

"బస్సు పక్కది ఒక్కటి జరపండి. మిగతావి కదపొద్దు."

నలుగురూ కలిసి దాన్ని జరిపాక బస్సు మెల్లగా బయటపడింది. లారీ, కారు, స్కూటర్లు నత్తల్లా దాని వెంట నడిచాయి. రోజూ అక్కడ రివ్వుమనే బళ్లే అవి. మనవరాలి చెయ్యి పట్టుకున్న ఒక ముసలావిడ సగం రోడ్డు దాటి, నడిమి కుండీల పక్కన ఊపిరి పీల్చుకుని, మిగతా సగం దాటింది.

"ఎవరు పెట్టారో గానీ నాయనా, చల్లగా ఉండాలి. ఈ మలుపు దాటాలంటే దేవుళ్లందరికీ మొక్కేదాన్ని. ఇవాళ ఒక్కడితో సరిపెట్టాను."

నిపుణురాలు నవ్వింది. "రోడ్డుని ఇరుకు చేసి, నడిమధ్య ఆగే చోటివ్వమని చెప్పడానికే వచ్చాను. కాకపోతే సిమెంటువి వద్దు, బండి గుద్దితే ప్రాణాలు పోతాయి. తగిలితే వంగే స్తంభాలు పెడదాం, బస్సుకి జాగా వదులుదాం. నక్షా నేనే గీసిస్తా, పని చూపించడానికి మనిషిని కూడా పంపిస్తా."

ఇంజనీరు చేతులు జోడించాడు. "మాలాంటి చిన్న ఊరిని పట్టించుకుంటారనుకోలేదండీ. మీ మేలు మర్చిపోలేను."

"పెద్ద ఊళ్లకి బోలెడుమంది ఇంజనీర్లుంటారు. మీకు మేమున్నాం. ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది?"

"నేనే చెప్పానమ్మా," అంటూ అధ్యక్షురాలు కారు దిగింది. ఫలానా చోట పెట్టమన్నది తనేనన్నాడు మంగలి. పొద్దున్నే ఓ చెయ్యి వేశామన్నారు మరికొందరు. ఇంజనీరు మాత్రం ట్రాక్టర్ దగ్గరికి వెళ్లి, కొత్త ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్న డ్రైవర్ రెండు చేతులూ పట్టుకుని, "అంతా నీ చలవేనయ్యా" అన్నాడు.

కాసేపటి క్రితం వరకూ డ్రైవరొక్కడిదే అయిన తప్పు, అప్పటికే ఊరందరి ఒప్పు అయిపోయింది.