గార్డీనియా నేరం

ఆ శనివారం పొద్దున శేషమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ, పూజ, ఉప్మా, ఆ తరువాత మనవరాలు హంసిక చేతిలో ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ. అసలు ఇంటర్వ్యూ మంగళవారం అట్లాంటాలో ఉంది. అమెరికా పౌరసత్వం కావాలంటే ఈ దేశపు చరిత్ర మీద, రాజ్యాంగం మీద వంద ప్రశ్నలు చదువుకుని వెళ్లాలి. అందులో పది అడుగుతారు, ఆరు చెబితే గట్టెక్కినట్టు. చలికాలం నుంచీ శేషమ్మ ఆ వందా పప్పు కడుగుతూ, బట్టలు మడతపెడుతూ వల్లె వేస్తూనే ఉంది.

ఆవిడకి పౌరసత్వం మీద మోజేమీ లేదు. తణుకులో ఉన్న అక్కకి రెండు మోకాళ్లూ మార్చాలన్నారు. పిల్లలు లేని మనిషి. దగ్గరుండి మళ్లీ నడిపించాలంటే ఏడాది పడుతుంది. గ్రీన్ కార్డు మీద ఏడాది పాటు బయట ఉంటే తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో నిలదీస్తారని, కార్డు పోయినా పోవచ్చని అందరూ బెదరగొట్టారు. శేషమ్మ అక్కనీ వదులుకోలేదు, ఇక్కడ అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో, కూతురింట్లో తన చేతుల మీదుగా పెరిగిన హంసికనీ వదులుకోలేదు. అందుకని జార్జ్ వాషింగ్టన్‌ని పట్టుకుంది.

భర్త దత్తాత్రేయ తహసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మాత్రం దరఖాస్తు పెట్టలేదు. "ముందు నువ్వెళ్లి చూసిరా. లోపల ఎలా ఉందో చెబితే అప్పుడు నేనూ చూస్తాను" అని భార్యకి ధైర్యం చెప్పాడు.

ఉప్మా అయ్యాక హంసిక వాళ్ల నాన్న టై కట్టుకుని బల్లకి అవతల కూర్చుంది. శేషమ్మ కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసింది. అడిగిన పది ప్రశ్నలకీ పది జవాబులు చెప్పేసి, ఇంకేమైనా ఉన్నాయా అన్నట్టు చూసింది.

"ఇప్పుడు ఫారమ్ క్వశ్చన్స్" అంది హంసిక. "అమ్మమ్మా, నువ్వు ఎప్పుడైనా క్రైమ్ చేసి, అరెస్ట్ అవ్వకుండా ఉన్నావా?"

"క్రైమంటే ఏమిటే?"

"లైక్, ఎవరిదో థింగ్ తీసుకోవడం. అడగకుండా."

శేషమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఇంటి ముందు, పక్కింటి వాల్టర్ గారి పచ్చికకి ఆనుకుని, రోడ్డు వారన ఒక గార్డీనియా పొద ఉంది. మన నందివర్ధనానికి చుట్టంలా ఉంటుంది, వాసన మాత్రం నాలుగిళ్లకి తెలుస్తుంది. ఈ ఇంటికి మారినప్పటి నుంచీ, మూడు వేసవులుగా శేషమ్మ తెల్లవారుజామున వెళ్లి పూజకి ఆ పూలే కోసుకొస్తోంది. పూజకి పొరుగింటి పూలు కోయడం తణుకులో తప్పు కాదు. ఎవరైనా లేచి చూస్తే "ఏం పిన్నిగారూ, బాగున్నారా" అని పలకరిస్తారు కూడా. ఇక్కడ ఎవరూ లేవకముందే ఎందుకు వెళ్తోందో ఆవిడ ఇంతవరకూ ఆలోచించుకోలేదు.

"ఆఫీసరు ఏది అడిగినా లేదు అనాలి" అన్నాడు దత్తాత్రేయ పేపరు చాటునుంచి. "నా సర్వీసంతా చూశాను. ఒప్పుకున్నవాడు బాగుపడ్డ దాఖలా లేదు."

"ఆ పూలు పెట్టింది దేవుడికి. ఆ దేవుడినే సాక్షిగా పెట్టి అబద్ధం చెప్పమంటారా?"

"దేవుడేమైనా ఇంటర్వ్యూకి వస్తున్నాడా?"

శేషమ్మ ఆయనతో వాదన పెట్టుకోలేదు. వెళ్లి సొంతదారుని క్షమాపణ అడిగితే సరిపోతుంది, అప్పుడది దొంగతనం కాదు, అడిగి తీసుకున్నట్టే అనుకుంది. స్టీలు డబ్బా నిండా సున్నుండలు సర్దుకుని, చీర మార్చుకుని, వాల్టర్ గారి తలుపు తట్టింది.

వాల్టర్ ఎనభై ఏళ్ల పొడుగాటి మనిషి. ఈ మూడేళ్లలో ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణంతా చెయ్యి ఊపడమే. శేషమ్మకి వచ్చిన ఇంగ్లీషంతా ఆ వంద ప్రశ్నల్లోది, ఫారంలోది. ఉన్న సరుకంతా ఒక్కసారే వాడేసింది.

"సార్. ఫ్లవర్స్. ఎవ్రీ డే స్టీలింగ్. దిస్ ఈజ్ క్రైమ్. నాట్ అరెస్టెడ్. ట్యూస్‌డే గవర్నమెంట్ ఆఫీసర్ ఆస్కింగ్. అండర్ ఓత్, ఐ టెల్ ఎవ్రీథింగ్."

వాల్టర్ ముఖం ముందు ఎర్రబడింది, తరువాత పాలిపోయింది. తలుపు పట్టుకుని "ఐయామ్ సారీ" అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు. అందులో 'వైఫ్' అన్న మాట ఒక్కటే శేషమ్మకి అందింది. ఆ పొద వాళ్లావిడకి ప్రాణం కాబోలు, అందుకే క్షమించలేకపోతున్నాడని ఆవిడ మనసు చివుక్కుమంది. సున్నుండల డబ్బా చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేసింది.

సాయంత్రానికి ఆ డబ్బా గుమ్మంలో ఉంది, నిండా అక్రోటుల్లాంటి పీకాన్ పప్పులతో. పక్కనే కుండీలో ఒక గార్డీనియా మొక్క.

"చూశారా, నీ మొక్క నువ్వు పెంచుకో, నా జోలికి రాకు అంటున్నాడు" అంది శేషమ్మ. కానీ పంపిన డబ్బా నిండుగా తిరిగి వస్తే ఊరుకునే వంశం కాదు ఆవిడది. రాత్రికి పులిహోర వెళ్లింది. ఆదివారం పొద్దున పులిహోర గిన్నె పీచ్ జామ్ సీసాతో తిరిగి వచ్చింది. ఖాళీ సీసా పంపకూడదు కనక అందులో ఆవకాయ వెళ్లింది. దానికి జవాబుగా ఓవెన్‌లో కాల్చిన ఒక యాపిల్ పై, దత్తాత్రేయ కోసమని ఒక చేపల గాలం వచ్చాయి. పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డయినా ముట్టని దత్తాత్రేయ ఆ గాలాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

"ఇది లంచమే" అని తేల్చాడు. "మా ఆఫీసుకి ఎవడైనా ఇన్ని తెచ్చాడంటే వాడు పెద్ద తప్పే చేసి ఉండాలి. కానీ తప్పు చేసింది మనం. మరి ఆయనెందుకు ఇస్తున్నాడో నాకు అంతుపట్టట్లేదు."

సోమవారం మధ్యాహ్నం, ఇదంతా ఇరుగుపొరుగు మర్యాదే అనుకున్న కూతురు రేణు ఆఫీసులో మీటింగ్ సగంలో వదిలేసి ఇంటికి వచ్చిపడింది. కారు తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"అమ్మా, వాల్టర్ గారమ్మాయి కాల్ చేసింది. ఆవిడ లాయరు. ఆఫీసర్ దాకా వెళ్లకుండా మనలో మనం సెటిల్ చేసుకుందాం అంటోంది. నేను మీటింగ్‌లో ఉన్నాను, నాకు ముక్క అర్థం కాలేదు. రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని ఏం చేశావు?"

లాయరు అన్న మాట వినగానే దత్తాత్రేయ లేచి దేవుడి గదిలోకి వెళ్లాడు. పటాల మీది పూలన్నీ తీసి వాషింగ్ మెషీన్‌లో పడేసి మూత పెట్టాడు. శేషమ్మ సోఫాలో కూలబడింది. ఆవిడకి జైలు భయం వేయలేదు. కర్ర పట్టుకుని ఒక్కతే వంటింట్లోకి నడుస్తున్న అక్క కళ్ల ముందు కదిలింది. ముద్దపూల ఆశకి పోయి, ముసలి అక్కకి చేయాల్సిన చాకిరీ పోగొట్టుకున్నానే అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేను తప్పు చేశానే రేణూ. ఆయన పూలు కోశాను. అడక్కుండా."

రేణు తల్లిని లేవదీసి, బడి నుంచి అప్పుడే వచ్చిన హంసికని వెంటబెట్టుకుని, పక్కింటికి నడిచింది. వాల్టర్ తలుపు తీస్తూనే రెండు చేతులూ పైకెత్తాడు. ఇంగ్లీషులో ఆయన, తెలుగులో శేషమ్మ ఒకేసారి మొదలుపెట్టారు. మధ్యలో హంసిక అటూ ఇటూ తిరిగి చెప్పడానికి ప్రయత్నించి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"వెయిట్. అమ్మమ్మా, ఆయన కూడా సారీ చెప్తున్నారు. ఆయన కూడా ఫ్లవర్స్ తీసుకుంటారు. ఈవినింగ్స్. ఆ చెట్టు మనది అనుకున్నారట. నువ్వు పోలీస్‌కి చెప్తావని ఆయనకి స్లీప్ రాలేదు."

శేషమ్మ నోరు తెరిచి వాల్టర్ వంక చూసింది. ఆయన తల దించుకుని నెమ్మదిగా చెప్పాడు, రేణు తెలుగు చేసింది. ఆయన భార్య డోరిస్ ఏడాదిన్నరగా నర్సింగ్ హోమ్‌లో ఉంది. ఎవరినీ గుర్తుపట్టదు. గార్డీనియా తీసుకెళ్లి చేతిలో పెడితే మాత్రం వాసన చూసి నవ్వుతుందట. నవ్వి, "వాల్టర్ వచ్చాడా?" అని వాల్టర్‌నే అడుగుతుందట.

శేషమ్మ ముందుకి వెళ్లి ఆ పెద్దమనిషి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి పట్టుకోవడం ఆవిడ జీవితంలో అదే మొదలు.

"దేవుడికి పూలు తక్కువైతే అక్షింతలు వేస్తాను. ఆయన ఏమీ అనుకోడు. ముందు ఆవిడకి తీసుకెళ్లమని చెప్పవే" అంది.

కళ్లు తుడుచుకుంటూ రేణు పొద దగ్గరికి వెళ్లి నిలబడింది. తను కాలనీ అసోసియేషన్ కమిటీలో ఉంది. పొదనీ, రోడ్డునీ, రెండిళ్ల పచ్చికనీ మార్చి మార్చి చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది ఆయనదీ కాదు, మనదీ కాదు. ఈ రోడ్డు వారంతా కాలనీది. అంటే అందరిదీ. మీరిద్దరూ మీ పూలు మీరే దొంగతనం చేసుకున్నారు."

అప్పటికి ధైర్యం తెచ్చుకుని బయటికి వచ్చిన దత్తాత్రేయ ఆ మాట విని తల పంకించాడు. "అయితే సెక్షన్ మారుతుంది. ఉమ్మడి భూమి."

మంగళవారం అట్లాంటాలో ఆఫీసరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. మొదటి ఆరు ప్రశ్నలకే ఆరు జవాబులూ సరిగ్గా రావడంతో మిగతావి అడగలేదు. ఒక వాక్యం చదివించాడు, ఒక వాక్యం రాయించాడు. తరువాత ఫారం తీసి ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. శేషమ్మ నో, నో అంటూ వచ్చింది. చివరికి ఆ ప్రశ్న వచ్చింది.

నో అనడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. రేణు కారులో వస్తూ పదిసార్లు చెప్పింది కూడా. కానీ ఆ పూలు కోసిన రోజుల్లో తన మనసులో ఏముందో ఆవిడకి తెలుసు. చూస్తారని చీకటితోనే వెళ్లిన మాట నిజం. పైకెత్తి దించిన కుడిచెయ్యి ఒళ్లో బరువుగా అనిపించింది.

"సార్, ఐ థింక్ యెస్" అంది.

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. శేషమ్మ చెప్పుకుపోయింది. గార్డీనియా, గాడ్, చీకటి, సున్నుండలు, యాపిల్ పై, గాలం, డోరిస్, కాలనీ అన్నీ చెప్పింది. ఇంగ్లీషు చాలనిచోట చేతులు వాడింది. అంతా అయ్యాక, అక్క మోకాళ్ల సంగతి కూడా చెప్పి, ఇక మీ ఇష్టం అన్నట్టు ఊరుకుంది.

ఆఫీసరు, ఈ ప్రశ్న తను ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాననీ, యెస్ అన్న మొదటి మనిషి మీరేననీ మెల్లగా, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాడు. ఫారంలో నో అని రాసుకుని, లేచి నిలబడి, చెయ్యి చాచాడు. "కంగ్రాచ్యులేషన్స్" అన్నాడు. రెండు రోజుల్లో రెండో పరాయి చెయ్యి కూడా పట్టుకుని, శేషమ్మ బయటికి వచ్చింది.

పార్కింగ్‌లో రేణు తల్లిని గట్టిగా కావలించుకుంది. దత్తాత్రేయ వివరాలన్నీ విని, ఆ ప్రశ్నకి యెస్ అన్నావా అని అక్కడే కారుకి చేరగిలబడ్డాడు. శేషమ్మ అవేమీ పట్టించుకోలేదు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఇక నన్ను ఎవరూ ఆపరు కదా. అక్కకి ఫోన్ చేసి చెప్పు రేణూ. పౌరసత్వ ప్రమాణం అవగానే టికెట్ కొనెయ్. ఏడాది ఉంటాను."

రేణు కారు తలుపు తీయబోయి ఆగింది.

"అమ్మా, అది నీకు తెలుసనుకున్నాను. ఓత్ తీసుకున్నాక నువ్వు అమెరికన్‌వి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఇండియా వాళ్లకి ఇచ్చేయాలి. తరువాత ఇండియా వెళ్లాలంటే వీసాకో, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుకో అప్లై చేయాలి."

"తణుకు వెళ్లడానికా?"

"తణుకుకే."

"దానికి కూడా పరీక్ష ఉంటుందా?"

"లేదమ్మా. ఆన్‌లైన్ ఫారమ్ అంతే. వచ్చేస్తుంది, నేను చేస్తాగా."

శేషమ్మ కారెక్కి, సీటు బెల్టు పెట్టుకుని, పరీక్ష పెట్టినా బాగుండును, ఒక్కటైనా తెలుగులో పాసయ్యేదాన్ని అంది.