దారం కోసినవాడిదే బహుమతి

మానవజాతి చరిత్రలో తలుపులు తెరిచిన మహానుభావులు చాలామందే ఉన్నారు గానీ, తెరిచిన తలుపు దగ్గర అంతమంది కాపలావాళ్ళని నిలబెట్టిన ఘనత మాత్రం నరీన్ కొండ ప్రాంతపు ఔత్సాహిక గేముల పోటీ నిర్వహణ సంఘానికే దక్కుతుంది.

అంతకుముందు ఆ పోటీలోకి కోడును అక్షరం అక్షరం చేత్తో రాసినవాళ్ళనే రానిచ్చేవారు. అలా రాసేవాడు ఊరు మొత్తానికి మెదెర్ ఒక్కడే. ఏటా అతనే వచ్చేవాడు, ఏటా ఆపిల్ పళ్ళు తినే పాము గేమునే తెచ్చేవాడు, ఏటా హోరాహోరీ పోరు తర్వాత అతనే గెలిచేవాడు. (ఒక ఏడు మాత్రం అతనికి రెండో స్థానం వచ్చింది. ప్రమాణాలు పడిపోకూడదని మొదటి స్థానం ఖాళీగా ఉంచారు.) ఇలా ఉండగా రాజధాని నుంచి కబురొచ్చింది, పాల్గొనేవాళ్ళ సంఖ్య పెరగాలని. ఒకటి ఉన్నది ఎంతకి పెరిగినా పెరిగినట్టే కాబట్టి, సంఘం అధ్యక్షుడు సోవెత్‌బెక్ ఇమాన్‌కులోవిచ్ గారు తెల్ల ఉన్ని టోపీ సర్దుకుని, ఇకమీదట గేములు తయారుచేసే పరికరాలు వాడేవాళ్ళు కూడా నిస్సంకోచంగా రావచ్చని ప్రకటించారు. అంటే కోడు జోలికి పోకుండా, ఫోనులో బొమ్మల్ని వేలితో లాగి పెట్టి, ఇది తగిలితే అది పడాలి అని చెప్పి గేము చేసుకునేవాళ్ళు.

బహుమతి కూడా చెయ్యి బార్లా చాపి పెట్టారు. గెలిచినవారికి సాంకేతిక కాలేజీలో ఏడాది కోర్సు, ఫీజు లేదు. గెలిచినవారిని స్కూలు పూర్తిచేసిన పత్రం అడగరాదు.

ఆ ఆఖరి వాక్యాన్ని బురుల్చా పొయ్యి మీద పాలు పొంగి వాసన వచ్చేదాకా చదివింది. పదో తరగతి మధ్యలో అమ్మకి జబ్బు చేస్తే బడి మానేసిన పిల్ల ఆమె. అమ్మ కోలుకుంది, బడి కోలుకోలేదు. ఇప్పుడు లారీ తోలే మొగుడు, అత్తగారు ఖాన్‌బుబు, ఒక ఆవు, ఏడాదిన్నర కూతురు సైకాల్. పత్రం లేదని ఏ తలుపూ తెరవలేదు. ఇదొక్కటే తెరిచారు.

ఆమె దగ్గర గేము ముందే ఉంది. తుల్పార్, అంటే రెక్కల గుర్రం, అనే పరికరంలో చేసింది. తెరవగానే ఫోను గుర్రంలా సకిలిస్తుంది. పాప పాలు తాగినంతసేపూ ఒక చెయ్యి పాప కింద, ఇంకో చేతి బొటనవేలు తుల్పార్ మీద. పోటీ కోసం కాదు, బెంగ కొద్దీ చేసింది. సైకాల్ తొలి అడుగులు వేసినప్పుడు అందరూ చేసినట్టే వేడుక చేశారు. పాప కాళ్ళకి నలుపూ తెలుపూ పేనిన ఉన్ని దారం కట్టి నిలబెట్టారు, దూరం నుంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు, ముందొచ్చినవాడు కత్తితో దారం కోశాడు. బిడ్డకి ఎవరు దారం కోస్తే వాళ్ళ నడకే వస్తుందంటారు. ఆ ముందొచ్చినవాడు దారం కోసి లేస్తూ బోర్లా పడ్డాడు. ఊరంతా నవ్వింది. బురుల్చా నవ్వలేదు. ఆ రోజు నుంచి పాప గడప దాటితే చాలు, ఆమె గుండె గడప మీదే ఉండిపోతుంది. అందుకని ఎవరూ పడకుండా దారం కోసేదాకా మళ్ళీ మళ్ళీ పరుగెత్తే గేమొకటి చేసుకుంది.

ఇక తలుపు సంగతి. పరికర వాడుకరులు వేరే వరసలో కూర్చోవాలి, చేత్తో రాసినవాళ్ళకి అంటుకోకుండా. (చేత్తో రాసేవాళ్ళ వరసలో మెదెర్ ఒక్కడే ఉండేవాడు. ఇప్పుడు అతన్ని న్యాయనిర్ణేతని చేశారు గనక అదీ ఖాళీ. అయినా వరస వరసే.) భుజానికి నీలం రిబ్బను కట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పరికరం పనిచేస్తుంటే తాము ఖాళీగా లేమనీ, కష్టపడ్డామనీ ఇంటి పెద్దలు వచ్చి సాక్ష్యం చెప్పాలి.

పోటీ రోజు సంస్కృతి భవనంలో వేడి గొట్టాలు పనిచేయలేదు. బురుల్చా పాపకి రెండు జతల మేజోళ్ళు తొడిగి, అవి బిగుతయ్యాయేమోనని ఒక జత విప్పి, చలేస్తుందేమోనని మళ్ళీ తొడిగింది. ఈలోగా ఖాన్‌బుబు సాక్ష్యానికి లేచింది. అధ్యక్షుణ్ణి పొట్టి లాగుల నాటి నుంచి ఎరిగిన మనిషి.

"ఒరే సోవెత్‌బెక్, అడుగు, ఏమడుగుతావో."

"ఎజె, ఇంటి దగ్గర అక్కా తమ్ముళ్ళమే గానీ, ఇక్కడ నన్ను అధ్యక్షా అనాలి."

"అధ్యక్షా, అడుగు."

"మీ కోడలు ఈ గేము కోసం కష్టపడిందా?"

"ఫోను చూస్తూ కూర్చుంది. అది కష్టమైతే మరి నేను ఆవు దగ్గర చేసేదేమిటి, సరసమా?"

"అపా!" అని అత్తగారిని ఆపబోయింది బురుల్చా.

"అబద్ధం చెప్పమంటావా? సాక్ష్యం ఇది!"

'కూర్చుంది' అని రాసుకున్నారు.

తర్వాత గేమును తెర మీద వేశారు. పరీక్షించే బాధ్యత అధ్యక్షుడే తీసుకున్నారు. గేములో పిల్లవాడు పరుగెత్తాలి. దారిలో గొర్రెలు అడ్డం పడతాయి, బురద ఉంటుంది, నూనెలో వేయించిన బోర్సోకుల పళ్ళెం పట్టుకుని ఒక పెద్దావిడ ఎదురై 'ఎవరబ్బాయివి నువ్వు, ఒకటి తినిపో' అని ఆపేస్తుంది. అవతల పాప ఏడుపు మొదలయ్యేలోపు దారం కోయాలి. అధ్యక్షులవారు పెద్దావిడ దగ్గరే ఓడిపోయారు. మళ్ళీ ఆడారు, మళ్ళీ ఆవిడే. టోపీ తీసి పక్కన పెట్టారు.

"ఈవిడ వదలదేం? అచ్చం మా వదిన!"

"తిననని చెప్పకండి అగాయ్," అంది బురుల్చా. "తీసుకుని జేబులో వేసుకుని పరుగెత్తండి."

హాలంతా కుర్చీలు ముందుకి లాక్కుంది. చివరికి ఆయన దారం కోసినప్పుడు చప్పట్లు కొట్టారు, ఆయన కూడా కొట్టుకున్నారు. ఇంతకంటే మంచి గేము ఈ పోటీకి రాలేదని ఏకగ్రీవంగా తేలింది. (పాముకి పోటీగా ఏదైనా రావడమే మొదటిసారి. అది వేరే విషయం.)

బురుల్చా సీటు వచ్చేసినట్టే అనుకుంది. కాలేజీకి పోయేటప్పుడు పాపని ఎక్కడ వదలాలి, అత్తగారు ఉప్పు ఎక్కువ తినిపిస్తుందేమో, అని అప్పుడే దిగులు కూడా మొదలుపెట్టేసింది.

"అయితే," అన్నారు అధ్యక్షుడు, టోపీ మళ్ళీ పెట్టుకుని, "గెలిచింది గేము. గెలిచినవారు ఎవరన్నది తేల్చాలి. మెదెర్, ఇందులో ఈ కోడలు పిల్ల, మన కెలిన్, చేసిందెంత?"

"పరుగెత్తడం పరికరంలో ముందే ఉంది అగాయ్. దూకడం ఉంది. పడడం ఉంది."

"ఏడవడం?"

"అది వాళ్ళ పాపది. ఫోనులో పట్టి పెట్టింది."

"అయితే ఏడుపు ఆమెది. రాసుకో."

బురుల్చా లేచి నిలబడింది. "మెదెర్ బైకె, మీ పాముని మాత్రం కంప్యూటరే కదా కదిలించింది?"

"అది వేరు. నేను కష్టపడ్డాను."

"ఏం కష్టం?"

"ఏటా అదే పాము, బురుల్చా. నీకేం తెలుసు ఆ విసుగు."

'విసుగు' అని కూడా రాసుకున్నారు, అతని ఖాతాలో.

"పరుగు పరికరానిదే అనుకోండి," అంది ఆమె. "ఏ గొర్రె ఎక్కడ అడ్డం రావాలో, పెద్దావిడ ఏమనాలో నేనే కదా అనుకున్నాను. కన్నది నేను అగాయ్."

"ఎవరు కాదన్నారమ్మా!" అధ్యక్షుడు ఎంతో ఆప్యాయంగా అన్నారు. "నువ్వు తల్లివే. కానీ మన ఆచారం ఏమిటి? బిడ్డని కన్నది తల్లి, కట్టిన దారం కోసి నడిపించేది వేరొకరు. ఈ గేముని నడిపించిందెవరు? తుల్పార్. ఖాన్‌బుబు ఎజె, మీరు పెద్దవారు, మీరే చెప్పండి. దారం కోసే వేడుకలో బహుమతి ఎవరికిస్తారు?"

ఆచారం మాటెత్తితే ఖాన్‌బుబుకి ఇంకేం కనపడదు. "ఇది కూడా చెప్పాలా? కోసినవాడికి! నీ దారం కోసింది మీ పెద్దమ్మ కొడుకు. గొర్రెపిల్లని ఎత్తుకుపోయాడు. నేను అక్కడే ఉన్నాను."

"మా అమ్మకేమిచ్చారు?"

"మీ అమ్మకెందుకిస్తార్రా? గిన్నెలు తోమించారు."

అంతటితో సాక్ష్యం ముగిసింది. ఖాన్‌బుబు కూర్చుని, అటూ ఇటూ చూసి, "ఇప్పుడు నేనేమన్నాను?" అని పక్కావిడని అడిగింది. ఈ లోపల సైకాల్ కుర్చీ కింద దొరికిన డ్రాయింగు పిన్నుని నోట్లో పెట్టుకోబోతుంటే బురుల్చా ఒక్క దూకు దూకి లాక్కుంది. తలెత్తి చూసేసరికి అభ్యంతరాలు చెప్పుకునే వ్యవధి అయిపోయింది. ఆమె చెప్పలేదు గనక లేవని రాసుకున్నారు. అందరూ అరచేతులు చాపి దీవెన చదివి, ముఖాలు తుడుచుకుని, చలికి తట్టుకోలేక ఇళ్ళకి పోయారు.

ఇంటికి వచ్చాక ఖాన్‌బుబు గేటు దగ్గర, "వాడి పెద్దమ్మ కొడుకూ అంతే, పనికిమాలిన వెధవ," అని లోపలికెళ్ళి ఆవుని పిండింది. కోడలి వంతు పాలు కూడా తనే కాచింది.

ఆ విధంగా సాంకేతిక కాలేజీలో తుల్పార్‌కి సీటు వచ్చింది. నియమం ప్రకారం దాన్ని స్కూలు పత్రం అడగలేదు. పరికరం తనంతట తాను నడిచి రాలేదు గనక బురుల్చాని సహాయకురాలిగా నియమించారు. రోజూ ఫోనుకి చార్జింగు నింపి తేవాలి, బల్ల మీద నిలబెట్టాలి, బయటికి పోవాలి. లోపల కూర్చోవాలంటే మనుషులకి పత్రం కావాలి. అడగరాదన్న నియమం గెలిచినవారికే వర్తిస్తుంది.

పాఠం చెప్పేది మెదెరే. "తుల్పార్?" అని పిలిచి, తనే వెళ్ళి వేలితో తాకేవాడు. ఫోను సకిలించేది. హాజరు పడేది. బురుల్చా వరండాలో తలుపు పక్కన, పాప నేల మీద కూర్చోకుండా కింద కోటు పరిచి, చెవి తలుపుకి ఆనించేది. ఇంటికెళ్ళి విన్నదాన్ని బట్టి కోడు చేత్తో రాసేది. పొద్దున్నే ఆ కాగితాల్ని ఫోను కింద పెట్టేది.

చలికాలం పోయేసరికి కాలేజీలో తుల్పార్ పేరు మార్మోగింది. కోడంతా చేత్తోనే రాస్తున్నాడనీ, ఏ పరికరం సాయమూ తీసుకోవట్లేదనీ, మిగతా విద్యార్థులు చూసి నేర్చుకోవాలనీ గోడ మీద అంటించారు. తల్లిదండ్రుల సమావేశానికి బురుల్చాని కూడా పిలిచారు. తల్లినని సంఘం ముందు తన నోటితో తనే ఒప్పుకుంది కదా.

ఆ సమావేశానికే ఆమెని మొదటిసారి తరగతిలోకి రానిచ్చారు. తుల్పార్ బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. అధ్యక్షులవారు స్వయంగా వచ్చారు. అంతా బాగుంది గానీ మొన్న ఒక రోజు విద్యార్థి ఎందుకు రాలేదని అడిగారు.

"పాపకి జ్వరం అగాయ్," అంది బురుల్చా. "వదిలి రాలేకపోయాను."

అధ్యక్షులవారు తల పంకించి, బల్ల మీది ఫోనుని జాలిగా నిమిరారు.

"ఇంట్లో వంద ఉంటాయి కెలిన్. దానికోసం వీడి బడి మాన్పిస్తే ఎలా? చదువు మధ్యలో ఆగిపోతే ఎంత నష్టమో నీకు తెలియదమ్మా."