ఇస్త్రీ చేసిన విశ్వం

పెళ్లయ్యాక ఆయనకు వచ్చిన మొదటి ఇంటర్వ్యూ. అందుకని ఆయన లేవకముందే కొత్త పెళ్లికూతురు ఇస్త్రీపెట్టె వేడి చేసింది. చొక్కా అయింది, ప్యాంటు అయింది, ఇంకా చెయ్యి ఊరుకోలేదు. బల్ల మీద పిచ్చికుట్లతో ముడుచుకుపోయిన తెల్ల దుప్పటి కనిపించింది. పాపం, ఒంటరిగా ఉన్న రోజుల్లో తనే కుట్టుకున్నాడు కాబోలని ముచ్చటపడి, కుట్లన్నీ విప్పి, నీళ్లు చిలకరించి అద్దంలా తీర్చిదిద్దింది.

ఆయన పళ్లు తోముకుంటూ వచ్చి నిలబడిపోయాడు.

"ఎంత చక్కగా వచ్చిందో చూడండి."

"చక్కగానే వచ్చింది. డైమెన్షన్లు పోయాయి."

విశ్వం పుట్టీపుట్టగానే ఒక్కసారిగా ఉబ్బిందట. మనకు తెలిసిన మూడు డైమెన్షన్లూ, అంటే దిశలూ, సాగిపోగా, మిగతావి ఏవైనా ఉంటే కంటికి ఆననంత చిన్నగా ముడుచుకునే ఉండిపోయి ఉంటాయట. ఉండచుట్టిన దుప్పటిని విసిరి పరిస్తే అది విశ్వం. అప్పుడూ విడిపోని కుచ్చులు ఆ ముడుచుకుపోయిన దిశలు. ఇంటర్వ్యూ కమిటీకి చూపించాల్సింది అదే. యూనివర్సిటీలో ఈ ఉద్యోగం రాకపోతే ఆయన కొండ మీది అబ్జర్వేటరీకి వెళ్లాలి. అక్కడ కుటుంబాలకు వసతి లేదు. ఆ మాట ఇద్దరూ అనుకోలేదు గానీ, ఆమె సూదీ దారం సంచిలో వేసుకుని ఆయన వెంట బస్సెక్కింది.

దుప్పటి ఇద్దరి ఒళ్లోనూ పరుచుకుంది. ఆమె కుడుతూ పోయింది, బస్సు కుదిపినప్పుడల్లా ఒక కుచ్చు పడింది. దిగేసరికి విశ్వం సిద్ధం. ఆయన దాన్ని చంకలో ఇరికించుకుని పరుగెత్తాడు.

ఆమె ఇంటర్వ్యూ గది తలుపు సందులోంచి చూసింది. ఆయన దుప్పటి విసిరాడు. విశ్వం విచ్చుకుంది, కుచ్చులు నిలిచాయి. విశ్వంతో పాటు ఆయనా బల్ల మీదికి వాలాడు. చొక్కా ఎడమచేతి కఫ్ దుప్పటికి కుట్టేసి ఉంది. కమిటీలో ఒకాయన నవ్వాపుకోవడానికి దగ్గు నటించాడు.

మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు తీసింది.

"దీనికి కుట్టుకుపోయావని నీకెప్పుడు తెలిసిందయ్యా?"

"ఇప్పుడే మేడమ్. లాగినప్పుడు."

"ఇంతసేపూ మోసుకు తిరిగావుగా?"

"తిరిగాను. దాంతో పాటే కదులుతున్నాను కదా, తెలియలేదు." ఆయన ఒక్క క్షణం చేతి వంక చూసుకున్నాడు. "ఆ దిశలు నిజంగా ఉంటే, మన సంగతీ ఇంతేనేమో మేడమ్. ఉన్నాయో లేవో ఇంకా ఎవరికీ తెలీదు. ఎక్కడో ఒకచోట గట్టిగా లాగి చూడాలి."

ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ లేచి వచ్చి ఆ కఫ్‌ను మెల్లగా లాగి చూసింది.

ఉద్యోగం వచ్చింది. ఏటా కొత్త విద్యార్థులకు ఇదే ప్రయోగం ఇలాగే చూపించాలని పెద్దావిడ పట్టుబట్టింది. మొగుణ్ణి దుప్పటికి కుట్టే పని మాత్రం ఆయన భార్య ఇంతవరకూ ఎవరికీ అప్పగించలేదు.